మీకు తెలుసా? ఏ గడ్డి మంచిదో పొట్టనడగాలి

వరి కోసేటప్పుడు కొడవలి ఎంత కిందికి దిగితే గడ్డి అంత మంచిది. మామూలుగా ఏ మేతలోనైనా ఆకు మెత్తన, కాడ గట్టి. పశువుకి ఆకే బాగా అరుగుతుంది. వరి దగ్గర మాత్రం ఈ లెక్క తిరగబడుతుంది. ఇసుకలో ఉండే సిలికా వరి ఆకులో దండిగా చేరుతుంది, కాడలో తక్కువ. అందుకని వరిగడ్డిలో కాడే ఎక్కువ అరుగుతుంది. వంశధార, నాగావళి కింద ఇప్పుడు చాలా మళ్లలో కోత మిషను జానెడేసి మోళ్లు వదిలేసి పోతోంది. అంటే మంచి మేత మడిలోనే ఉండిపోయి, నాసిరకం ఇంటికొస్తోంది. కూలి మనిషి దొరక్క మిషను పిలిచిన రైతుని ఏమనగలం?

*

వరిగడ్డిలో ప్రోటీను నూటికి మూడు, నాలుగు పాళ్లకు మించదు. దానికి బలం ఎక్కించడానికి పశువైద్యులు చెప్పే ఉపాయం యూరియా. 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియాని 50 లీటర్ల నీళ్లలో కరిగించి, పొరలు పొరలుగా చల్లుతూ తొక్కి, గాలి చొరకుండా కప్పి 21 రోజులు వదిలేయాలి. తీశాక ఘాటు వాసన పోయేదాకా ఆరబెట్టి పెట్టాలి. ఆరు నెలల లోపు దూడలకు మాత్రం వద్దు.

అసలు చోద్యం ఇక్కడే ఉంది. ఆ గడ్డిని పరీక్షకు పంపితే ప్రోటీను రెట్టింపై కూర్చుంటుంది! పరీక్ష ప్రోటీనును నేరుగా చూడదు మరి. నత్రజనిని కొలిచి 6.25తో హెచ్చవేస్తుంది, అంతే. యూరియా అంటేనే నత్రజని. నత్రజని కొలిచే ఈ పద్ధతిని 1883లో యోహాన్ కెల్డాల్ అనే డెన్మార్క్ శాస్త్రవేత్త కోపెన్‌హేగన్‌లోని కార్ల్స్‌బర్గ్ బీరు కంపెనీ ప్రయోగశాలలో తయారుచేశాడు. బీరు కాచే ధాన్యం కోసం పుట్టిన లెక్కే నేడు గరివిడి పశువైద్య కళాశాలలో చదివే పిల్లల పాఠాల్లోకీ వస్తుంది.

ఈ అంకె గేదెని మోసం చెయ్యదు. దాని పెద్దపొట్టలో కాపురముండే సూక్ష్మజీవులు ఆ నత్రజనితో నిజమైన ప్రోటీను తయారుచేసుకుంటాయి. తర్వాత అవే పేగుల్లోకి జారి, అరిగి, గేదెకి ఆహారమౌతాయి. గుర్రానికి ఆ పెద్దపొట్ట లేదు. దాని సూక్ష్మజీవులుండేది చిన్నపేగు దాటాక. అవి ఎంత వండినా చాలామటుకు లద్దెలో కలిసి బయటికే పోతుంది. కాగితం మీద ఒకటే అంకె, గేదెకి మేత, గుర్రానికి వట్టి కాగితం.

*

గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదని సామెత. ఆ దాణా మన ప్రాంతంలో ఉలవలే. ఉలవల్లో ప్రోటీను నూటికి ఇరవై పాళ్లు దాటుతుంది. ఇంగ్లీషువాడు దానికి హార్స్‌గ్రామ్ అని గుర్రం పేరే పెట్టేశాడు. వరి కోసిన మళ్లలో ఉలవ చల్లుకునే మనవాళ్లు మాత్రం దాన్ని ఉడకేసి ఎక్కువగా పెట్టింది ఎడ్లకి.

*

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. అలాంటి గాలికి పడిపోయిన వరి గడ్డిలో బురద, దాని వెనకే బూజు. బూజుగడ్డి తిన్న గేదెలకు చెవులు, తోక కొసలు, గిట్టలు కుళ్లే జబ్బొకటి ఉంది. అవిభక్త పంజాబులో దేగ్ నాలా అనే వాగు పక్కన 1930ల్లో గమనించారు గనక దేగ్‌నాలా జబ్బన్నారు. గుర్రానికి బూజుపొడి ఊపిరితిత్తుల్లోకి దిగి దగ్గు, ఆయాసం పట్టుకుంటాయి. పైగా గుర్రం వాంతి చేసుకోలేదు. తిన్నది చెడ్డదైనా వెనక్కి రాదు.

*

తడిగడ్డితో వామి వేస్తే లోపల అదే వేడెక్కుతుంది. ఎవరూ అగ్గిపుల్ల గియ్యకపోయినా కొన్నాళ్లకు అంటుకున్న వాములున్నాయి. అనుమానమొస్తే గునపం లోపలికి గుచ్చి, కాసేపు ఉంచి, లాగి పట్టుకు చూడాలి. చెయ్యి కాలేటంత వేడుంటే వామి జోలికి ఒంటరిగా వెళ్లకూడదు. విప్పినప్పుడు గాలి తగిలి భగ్గుమనొచ్చు.

అంతదాకా రాకుండా ముందే చూసుకునే పరీక్ష వంటింట్లోనే ఉంది. మూతున్న గాజుసీసాలో సగం దాకా గడ్డి ముక్కలు తుంచి వేసి, రెండు చెంచాల ఉప్పు పోసి, రెండు నిమిషాలు బాగా కుదపాలి. నౌపడ ఉప్పైనా సరే, ముందు పెనం మీద వేయించి చల్లార్చాలి. మన సముద్రపు గాలికి ఉప్పు తనంతట తనే చెమ్మెక్కుతుంది కదా! ఉప్పు పొడిపొడిగా రాలితే గడ్డిలో చెమ్మ నూటికి పదిహేను పాళ్ల లోపే, వామి వేసుకోవచ్చు. ముద్దకడితే ఇంకో రెండు ఎండలు.