బూజు దులపండి, విషం చల్లకండి

షాబాన్ మాసం ప్రవేశించిందంటే మన ఇళ్ళలో ఒక సందడి మొదలవుతుంది. రమజాన్ శుభ మాసాన్ని స్వాగతించేందుకు గోడలకు సున్నం వేయిస్తారు, పరుపులు ఎండలో వేస్తారు, అటక మీది సామాను దించి తుడుస్తారు. ఆ సందడిలో ఏటా తలెత్తే చిన్న వివాదం ఒకటి ఉంది. కోడలు బూజుకర్ర పట్టుకొని మూలనున్న సాలెగూడు తీయబోతే, "వద్దమ్మా, మన ప్రవక్తను కాపాడిన జీవి అది, దాని గూడు తీస్తే గునాహ్" అని అత్తగారు అడ్డుపడతారు. మరొక ఇంట "మకడీ జాలా ఉన్న ఇంట బర్కత్ ఉండదు" అంటూ పెద్దాయన మందు డబ్బా తెచ్చి, పసిపిల్లలు పడుకొనే గదిలోనే చల్లిస్తారు. ఇద్దరూ ధర్మం పేరే చెబుతారు. రామగిరి, ధర్మవరం, పెనుకొండ ప్రాంతాలలో ఈ ప్రశ్నను మేము తరచుగా వింటూ ఉంటాము. చిన్న ప్రశ్నే అయినా దీని వెనుక రెండు పెద్ద విషయాలున్నాయి. ఆధారం లేని మాటను దీన్‌కు అంటగట్టడం ఒకటి, పిల్లల ఆరోగ్యం రెండవది. అందుకే దీనిని కాస్త విపులంగా పరిశీలిద్దాం.

ధర్మశాస్త్రం ఏమంటున్నది?

ముందుగా గుహ వృత్తాంతం. క్రీ.శ. 622లో దైవప్రవక్త ముహమ్మద్ (స) మక్కా నుండి మదీనాకు హిజ్రత్ చేస్తూ, హజ్రత్ అబూబక్ర్ (రజి)తో కలిసి సౌర్ గుహలో మూడు రాత్రులు గడిపారు. దివ్య ఖుర్ఆన్‌లోని తౌబా సూరా 40వ ఆయతు ఆ సంఘటనను ప్రస్తావిస్తూ, కంటికి కనబడని సైన్యాలతో అల్లాహ్ తన ప్రవక్తకు సహాయపడిన సంగతిని తెలియజేస్తున్నది. సహీహ్ బుఖారీలోనూ గుహ వృత్తాంతం ఉంది. అయితే ఈ రెండింటిలోనూ సాలీడు ప్రసక్తి లేదు. గుహ ద్వారం వద్ద సాలీడు గూడు అల్లిందన్న ఉల్లేఖనం ముస్నద్ అహ్మద్‌లో ఉంది. దాని పరంపరపై హదీసు పండితులు ఏకాభిప్రాయానికి రాలేదు. కొందరు దానిని అంగీకరించారు, మరికొందరు బలహీనమైనదిగా పరిగణించారు. ఆ ఉల్లేఖనాన్ని అంగీకరించినప్పటికీ, ఇంటి మూలల్లోని గూళ్ళు తీయరాదన్న ఆదేశం అందులో ఎక్కడా లేదు. నాడు కాపాడినవాడు అల్లాహ్. సాలీడు ఆయన సృష్టిలో ఒక ప్రాణి మాత్రమే.

ఇక సాలెగూడు పేదరికాన్ని తెస్తుందన్న మాట. దీనిని హజ్రత్ అలీ (రజి)కి ఆపాదిస్తారు గాని, హదీసు శాస్త్ర ప్రమాణాలకు అది నిలువదు. ఉపాధిని ఇచ్చేవాడు, తగ్గించేవాడు అల్లాహ్ ఒక్కడే. మూలనున్న బూజుకు ఆ శక్తి ఉందనుకోవడం విశ్వాసికి తగిన ఆలోచన కాదు.

మరి సాలీడును చంపవచ్చునా? హాని కలిగించేవి గనుక చంపవచ్చునని హదీసు పేర్కొన్న ఐదు జీవులున్నాయి: కాకి, గద్ద, తేలు, ఎలుక, కరిచే కుక్క. చంపరాదని అబూదావూద్ హదీసు పేర్కొన్నవి నాలుగు: చీమ, తేనెటీగ, హుద్‌హుద్ పిట్ట, సురద్ పిట్ట. సాలీడు మొదటి జాబితాలో లేదు, రెండవ జాబితాలోనూ లేదు. ఇటువంటి జీవుల విషయంలో పండితులు చెప్పే సూత్రం సరళమైనది: నిజంగా హాని కలిగిస్తే చంపటం దోషం కాదు, హాని లేనప్పుడు అనవసరంగా ప్రాణం తీయడం దయాగుణానికి తగదు. బల్లి గురించి వచ్చిన ప్రత్యేక హదీసును చూసి, దానికి జతగా సాలీడును పవిత్ర జంతువుగా నిలబెట్టడం జనం కల్పించుకున్నదే.

నిప్పు విషయంలో మాత్రం ఆదేశం స్పష్టంగా ఉంది. పూర్వ ప్రవక్తలలో ఒకరిని చీమ కుట్టగా, ఆయన చీమల పుట్టనంతా కాల్పించినందుకు అల్లాహ్ ఆక్షేపించిన వృత్తాంతం బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది. అగ్నితో శిక్షించే అధికారం అగ్నికి ప్రభువైన వానికే ఉన్నదని మరొక హదీసు తెలుపుతున్నది. కావున కర్రకు గుడ్డ చుట్టి, కిరోసిన్‌లో ముంచి, సాలెగూళ్ళను కాల్చే అలవాటు ఎక్కడైనా ఉంటే అది వెంటనే మానవలసినది. అందులో ప్రాణిహింస ఉంది, ఇల్లు అంటుకొనే ప్రమాదమూ ఉంది.

అన్కబూత్ సూరా నేర్పే పాఠం

దివ్య ఖుర్ఆన్‌లోని 29వ సూరా పేరే అన్కబూత్, అనగా సాలీడు. అందులో 69 ఆయతులున్నాయి. అల్లాహ్‌ను వదలి ఇతరులను రక్షకులుగా చేసుకొనేవారిని 41వ ఆయతు ఇల్లు కట్టుకొన్న సాలీడుతో పోల్చి, ఇళ్ళన్నిటిలోకి బలహీనమైనది దాని ఇల్లేనని హెచ్చరిస్తున్నది. సాలీడు దారం అదే బరువు గల ఉక్కు తీగ కన్న గట్టిదని నేటి శాస్త్రజ్ఞులు చెబుతారు. ఇందులో విరోధం లేదు. ఆయతులోని మాట దారం గురించి కాదు, ఇంటి గురించి. ఆ ఇల్లు ఎండను ఆపదు, చలిని ఆపదు, వానను ఆపదు. ప్రాచీన వ్యాఖ్యాతలు కూడా ఈ విధంగానే వివరించారు. ఆయతులోని స్త్రీలింగ క్రియను పట్టుకొని, ఆడ సాలీడే గూడు కడుతుందన్న శాస్త్ర రహస్యం ఇందులో ఉందని కొందరు ప్రచారం చేస్తారు. అరబీలో ఆ పదాన్ని స్త్రీలింగంగా వాడటం పరిపాటి. వ్యాకరణం మీద అద్భుతాల మేడలు కట్టవలసిన అవసరం ఖుర్ఆన్‌కు లేదు.

ఈ జీవి ఎటువంటిది?

మన తెలుగులో నేతగానిని సాలె అంటారు. ఆ పేరే ఈ జీవికి సాలీడు, సాలెపురుగు అయింది. ధర్మవరం మగ్గాల నడుమ, హిందూపురం పట్టుగూళ్ళ మార్కెట్టు చెంత బ్రతికే మనకు ఈ పేరు ఎంత తగినదో వేరుగా చెప్పనక్కరలేదు. నిజానికి ఇది కీటకం కాదు. కీటకానికి ఆరు కాళ్ళు, దీనికి ఎనిమిది. ప్రపంచంలో ఇప్పటివరకు పేరు పెట్టి నమోదు చేసిన సాలీళ్ళ జాతులు 2022లోనే 50 వేలు దాటాయి. దాదాపు అన్నింటికీ విషం ఉంటుంది గాని, అది ఈగలను, దోమలను లొంగదీసుకొనేందుకు. మనిషికి నిజమైన ప్రమాదం కలిగించేవి బహు కొద్ది.

మన ఇళ్ళలో ఎక్కువగా కనిపించేవి రెండు రకాలు. ఒకటి పైకప్పు మూలల్లో సన్నని పొడవాటి కాళ్ళతో తలక్రిందులుగా వ్రేలాడుతూ, తాకితే గూడుతో సహా ఊగిపోయేది. అది మనిషికి హాని చేయదు. రెండవది అరచేయంత వెడల్పుతో, గోధుమ రంగులో, గోడ మీద చదునుగా అతుక్కొని ఉండేది. అది వల అల్లదు, రాత్రివేళ బొద్దింకలను వేటాడుతుంది. దానిని చూసి పిల్లలు కేకలు వేస్తారు గాని, అది మనలను చూసి పారిపోతుంది.

మన పాత అనంతపురం జిల్లాకే ప్రపంచ ప్రసిద్ధి తెచ్చిన సాలీడు మరొకటి ఉంది. 1899లో పోకాక్ అనే శాస్త్రజ్ఞుడు గుత్తిలో దొరికిన ఒక పెద్ద నీలిరంగు సాలీడును లోకానికి పరిచయం చేశాడు. ఆ తరువాత శతాబ్ద కాలం పాటు దాని జాడ తెలియలేదు. 2001లో నంద్యాల, గిద్దలూరుల మధ్య అడవిలో మళ్ళీ కనిపించింది. చెట్ల తొర్రలలో నివసించే ఈ జాతి నేడు అంతరించిపోయే తీవ్ర ప్రమాదంలో ఉన్నదని అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ప్రకటించింది. కరిస్తే తీవ్రమైన నొప్పి కలిగించే ఆ సాలీడు మన వంటింటికి రాదు. మన ఇంటికి వచ్చేవి వేరు, భయపడవలసినంత హాని వాటిలో లేదు.

"మకడీ మూత్రం పోసింది" అంటూ పెదవి మీద, మెడ మీద లేచిన పొక్కులకు సాలీడును నిందించడం కూడా మన ఇళ్ళలో ఉంది. ఆ పొక్కులకు చాలాసార్లు కారణం వేరు. వానాకాలంలో దీపానికి వచ్చే, నారింజ నలుపు రంగులతో చీమను పోలిన చిన్న పురుగు ఒకటుంది. అది చర్మం మీద నలిగితే దాని రసం మంటను, పొక్కులను కలిగిస్తుంది. పెదవి చుట్టూ వచ్చేది తరచుగా హెర్పిస్ అనే వైరస్ వ్యాధి. ఆ పురుగు ఒంటి మీద వాలితే నలపకుండా ఊది వేయాలి, ఆ చోటును సబ్బుతో కడగాలి. పొక్కులు వస్తే తాయెత్తు కోసం కాక వైద్యుని కోసం వెళ్ళాలి.

అసలు ప్రమాదం డబ్బాలో ఉంది

ఒకనాటి బంగారు గనులకు పేరుపొందిన రామగిరి చుట్టుపట్ల నేటికీ వేరుశనగ పొలాలు, మల్బరీ తోటలు జనానికి ఆధారం. పొలానికి తెచ్చిన పురుగుమందు మిగిలితే ఇంటి మూలల్లో చల్లేవారు ఉన్నారు. ఇది అత్యంత ప్రమాదకరమైన పని. పొలం మందు నాలుగు గోడల మధ్య చల్లేందుకు తయారైనది కాదు. నేల మీద ప్రాకే బిడ్డ, ఆ చేతినే నోట్లో పెట్టుకొనే బిడ్డ, గర్భవతి అయిన కోడలు, ఉబ్బసంతో బాధపడే తాతగారు దాని ఫలితం అనుభవిస్తారు. 2013 జూలైలో బీహార్‌లోని సారన్ జిల్లా గండామన్ గ్రామంలో, పాఠశాలలో మధ్యాహ్న భోజనం తిన్న 23 మంది పిల్లలు మరణించారు. ఆ ఆహారంలో మోనోక్రోటోఫాస్ అనే పొలం మందు కలిసినట్లు పరీక్షలో తేలింది. పురుగుమందు, వంట సామాను ఒకే చోటికి చేరితే ఏమి జరుగుతుందో ఆ పసివారి ప్రాణాలు మనకు చెప్పాయి. మందు డబ్బాను కడిగి నూనెకు, నీళ్ళకు వాడడం కూడా ఇటువంటి ఘోరానికే దారి తీయగలదు.

పట్టుపురుగులు పెంచే ఇళ్ళకు మరొక హెచ్చరిక. సాలీడును చంపే మందు పట్టుపురుగును కూడా చంపుతుంది. ఒక మూల చల్లిన మందు గాలికి తట్టలను చేరితే నెల రోజుల శ్రమ ఒక రాత్రిలో పోతుంది. పైగా మందు సాలీడు మీద అంతగా పని చేయదు. అది పొడవాటి కాళ్ళ మీద నిలిచి ఉంటుంది గనుక నేలకు, గోడకు అంటిన మందు దాని శరీరానికి ఎక్కువగా తగలదు. హాని చేయరాదు, హానికి ప్రతిగానూ హాని చేయరాదు అన్నది ఇబ్నె మాజా హదీసు బోధించిన మూలసూత్రం. ఇంటివారికి హాని చేసే మందు ఈ సూత్రానికి విరుద్ధం.

ఆచరించవలసిన పద్ధతి

సాలీడు మన ఇంటికి వచ్చేది తిండి కోసం. తిండి లేకపోతే తానే వెళ్ళిపోతుంది. కనుక మొదట దాని తిండిని తగ్గించాలి. తొలకరి వానలకు ఉసుళ్ళు దీపానికి వస్తాయి, వాటి వెంట సాలీళ్ళు వస్తాయి. వాకిట దీపాన్ని గుమ్మానికి ఎదురుగా కాక కొంత దూరంలో పెట్టాలి, పని లేనప్పుడు ఆర్పాలి. కిటికీలకు జాలీ బిగించాలి.

బండల మిద్దెలలో రెండు బండల మధ్య సందులు, పాత మట్టి గోడల పగుళ్ళు సాలీళ్ళకు అనువైన చోట్లు. వాటిని సున్నంతోనో సిమెంటుతోనో పూడ్చాలి. వేరుశనగ కాయల మూటలను గోడకు ఆనించక, చెక్కల మీద ఎత్తుగా పెట్టాలి. వంట చెరుకు, పాత గోతాలు, విరిగిన సామాను ఇంటి వెలుపల ఉంచాలి.

వారానికొకసారి బూజు దులపాలి. ముందుగా ఆహార పాత్రలు మూయాలి, మంచాలపై దుప్పటి కప్పాలి, ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి. పైకప్పుతో మొదలుపెట్టి క్రిందికి రావాలి, నేల చివరన ఊడ్వాలి. గూటి దగ్గర దూది ఉండ వంటి గుడ్ల సంచి కనిపిస్తే దానిని తప్పక తీసి దూరంగా కంచె వద్ద వేయాలి. ఒక్కొక్క సంచిలో వందలకొద్దీ పిల్లలు ఉండవచ్చు. దానిని వదలి గూడు మాత్రమే దులిపితే పని సగమే అయినట్లు. గోడ మీద పెద్ద సాలీడు కనిపిస్తే దానిపై గ్లాసు బోర్లించి, క్రిందుగా గట్టి కాగితం జొప్పించి, బయట వదలవచ్చు. పిల్లలచేత ఈ పని చేయిస్తే భయం పోతుంది, ప్రాణుల పట్ల దయ కూడా అలవడుతుంది.

ప్రవక్త (స) బోధించిన రెండు అలవాట్లు ఇక్కడ ఎంతో ఉపకరిస్తాయి. రాత్రివేళ పాత్రలకు మూతలు పెట్టడం ఒకటి. పడుకొనే ముందు పడకను దులపడం రెండవది, మనం లేచి వెళ్ళిన తరువాత దానిపైకి ఏమి వచ్చి చేరిందో మనకు తెలియదు గనుక. పశువుల కొట్టం, స్నానాల గది వద్ద విడిచిన చెప్పులను కూడా దులిపి తొడగాలి.

ఒకవేళ సాలీడు కరిస్తే ఆ చోటును సబ్బు నీళ్ళతో కడిగి చల్లని గుడ్డ వేయాలి. త్రాడు కట్టడం, కోయడం, పసరు పూయడం కూడదు. వాపు పెరిగినా, ఊపిరి అందకపోయినా, జ్వరం వచ్చినా వెంటనే ఆసుపత్రికి తీసుకొని పోవాలి.

బూజుకర్ర ఎవరి చేతిలో?

పైకప్పును దులపడం నడుము నొప్పి గల తల్లికి, గర్భవతియైన కోడలికి కష్టమైన పని. అయినా అది ఆడవారి పనేనని మగవారు కూర్చుండిపోతారు. దైవప్రవక్త (స) ఇంట్లో ఉన్నప్పుడు ఇంటివారి పనులలో పాలుపంచుకొనేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. మదీనా మస్జిద్‌ను ఊడ్చే ఒక పేద మహిళ మరణించినప్పుడు, ఆ సంగతి తనకు చెప్పనందుకు ఆయన (స) సహచరులను ఆక్షేపించి, స్వయంగా ఆమె సమాధి వద్దకు వెళ్ళి నమాజు చేశారు. చీపురు పట్టిన చేతికి మన దీన్ ఇచ్చిన గౌరవం అది. శుభ్రత విశ్వాసంలో సగమని నమ్మే మనకు బూజుకర్ర పట్టుకోవడం నామోషీ ఎలా అవుతుంది?

కావున ప్రియమైన సోదర సోదరీమణులారా! గూడు తీయడం పాపమన్న భయాన్ని, గూడు ఉంటే దరిద్రమన్న భయాన్ని రెండింటినీ వదలండి. గూడు తీయండి, ప్రాణిని బయటకు పంపండి, పొలం మందును ఇంటి గడప దాటనివ్వకండి. ఈ షాబాన్‌లో బూజుకర్రను ఇంటి మగవారే ముందుగా అందుకోవాలని మా కోరిక. మన ఇళ్ళను శుభ్రంగా, మన పిల్లలను క్షేమంగా, మన విశ్వాసాన్ని కల్పనలకు దూరంగా ఉంచే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.