పప్పు ఉడకని నీళ్ళు తాగడానికి పనికిరావా?

కందిపప్పు కుక్కర్లో పెట్టి ఆరు విజిల్స్ వచ్చినా బద్ద బద్దలాగే ఉంటోందా? ఒంటికి సబ్బు రుద్దితే నురగ రాక జిడ్డు మిగులుతోందా? తలంటుకున్న మర్నాటికే జుట్టు పీచులా తయారవుతోందా? అయితే పప్పుని, సబ్బుని, షాంపూని తిట్టుకోకండి. తప్పు మీ ఇంటి నీళ్ళది!

నీరు నేలలోని రాళ్ళ మధ్య నుంచి ఊరి వచ్చేటప్పుడు కాల్షియం, మెగ్నీషియం లవణాలను కరిగించుకుంటుంది. అవి ఎక్కువైన నీటినే కఠినజలం అంటారు. మనం 'బోరు నీళ్ళు', 'ఉప్పు నీళ్ళు' అనుకునేవి చాలావరకు ఇవే. ఒకే ఇంట్లో మునిసిపల్ కుళాయిలో వచ్చే నది నీళ్ళకు పప్పు మెత్తగా ఉడికి, బోరు నీళ్ళకు ఉడక్కపోవడం చాలామందికి అనుభవమే. నీటిలోని కాల్షియం పప్పు గింజలోని పెక్టిన్ ను పట్టేసి గట్టిపరుస్తుంది. అందుకే ఆ మొండితనం!

ఇంట్లోనే చిన్న పరీక్ష

రెండు గాజు సీసాలు తీసుకోండి. ఒకదాంట్లో వాన నీళ్ళు గానీ, ఆర్.ఓ. నీళ్ళు గానీ సగం పోయండి. రెండోదాంట్లో మీ కుళాయి నీళ్ళు అంతే పోయండి. రెండింట్లోనూ ఒంటి సబ్బు తురుము చిటికెడు వేసి బాగా గిలకొట్టండి. మొదటి సీసా నిండా నురగ వస్తుంది. రెండోది నురగ రాక, విరిగిన పాలలా తెల్లని తరకలు కడితే అది కఠినజలమే. బట్టల పొడితో మాత్రం ఈ పరీక్ష చెయ్యకండి. అది కఠినజలంలోనూ కొంత నురుస్తుంది కనుక తేడా సరిగ్గా తెలియదు.

వంటింట్లో ఏం చెయ్యాలి?

నీళ్ళు బాగా మరగకాచి, చల్లారాక పైతేట వంచుకోండి. గిన్నె అడుగున తెల్లగా పేరుకున్నదే సున్నపు లవణం. ఆ తేట నీళ్ళలో పప్పు రాత్రి నానబెట్టి ఉడికించి చూడండి. అన్ని లవణాలూ ఇలా పోవు గానీ, చాలా ఇళ్ళలో తేడా తెలుస్తుంది. చింతపండు పులుసు, టమాటా పప్పు మెత్తబడ్డాకే వెయ్యాలి. పులుపు తగిలితే పప్పు ఇంకా మొరాయిస్తుంది. వంటసోడా వేస్తే ఉడుకుతుంది, నిజమే. కానీ పప్పులోని బి1 విటమిన్ పోతుంది. కనుక అది అలవాటు చేసుకోకండి.

కాఫీ గిన్నెలో తెల్లటి పొర కట్టిందా? పిండేసిన నిమ్మచెక్కలు వేసి నీళ్ళు పోసి మరిగించండి. వదిలిపోతుంది.

కఠినమైనా ప్రమాదం కాదు

ఇక అసలు ప్రశ్న. ఈ నీళ్ళు తాగొచ్చా? మన దేశంలో తాగునీటికి ఉన్న ప్రమాణం ప్రకారం కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉంటే మంచిది. వేరే నీళ్ళు దొరకనప్పుడు 600 వరకూ ఫరవాలేదు. కాల్షియం, మెగ్నీషియం ఒంటికి కావలసినవే. పప్పు ఉడకనంత మాత్రాన నీళ్ళు విషం కావు.

అలాగే పప్పు చక్కగా ఉడికిందని, నీళ్ళు తియ్యగా ఉన్నాయని నిశ్చింతగానూ ఉండకూడదు! ఫ్లోరైడ్ కి రంగు, రుచి, వాసన ఉండవు. మన దేశంలో ఫ్లోరోసిస్ మొదట బయటపడింది 1937లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలోనే. నల్గొండ జిల్లాలో ఎన్ని కుటుంబాల వెన్ను వంచిందో మనకు తెలుసు. తెలంగాణలో 2016లో మొదలైన మిషన్ భగీరథతో నది నీళ్ళు ఊళ్ళకు వచ్చాయి. కుళాయి నీళ్ళు వస్తున్నా పాత బోరు నీళ్ళే రుచి అని తాగే ఇళ్ళు ఉంటే, ఒక్కసారి ఆలోచించండి. ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ముందు దెబ్బతినేది ఎదిగే పిల్లల పళ్ళు. వాటిపై వచ్చిన మచ్చలు తోమితే పోవు. మరగకాస్తే ఫ్లోరైడ్ పోదు సరికదా, నీరు ఇగిరి ఇంకా చిక్కనవుతుంది.

క్రిములు కూడా కంటికి కనిపించవు. పటిక బురదను తేరుస్తుంది గానీ వాటిని పూర్తిగా చంపదు. నీళ్ళు కళపెళా మరిగాక మరో నిమిషం ఉంచితే చాలు, అవి చస్తాయి. ఇంకో మాట. కుళాయి పైపుకి నేరుగా మోటారు బిగించకండి. పైపుకి ఎక్కడైనా చిల్లుంటే మోటారు లాగుడుకి మురుగు కూడా అందులోంచి లోపలికి వచ్చేస్తుంది. అది మీ బిందెలోకే కాదు, పక్కింటి పసిపాప పాలసీసాలోకీ చేరుతుంది.

గుమ్మంలోకి వచ్చే మాయ

ఫిల్టర్లు అమ్మేవాళ్ళు కొందరు గ్లాసులో కరెంటు కడ్డీలు ముంచి, మీ నీళ్ళు ఎర్రగా మురికెక్కాయని చూపిస్తారు. హడలిపోకండి! ఆ మురికి నీళ్ళలోది కాదు, చాలావరకు ఇనప కడ్డీ అరిగి దిగిన తుప్పు. లవణాలున్న నీటిలో కరెంటు పారుతుంది కాబట్టి రంగు తేలుతుంది. ఆర్.ఓ. నీటిలో లవణాలు లేక కరెంటు సరిగ్గా పారదు, అందుకే అది తేటగా ఉంటుంది. టి.డి.ఎస్. మీటరు కూడా మొత్తం లవణాలెన్నో చెబుతుందే తప్ప క్రిములనూ, ఫ్లోరైడ్ నూ విడిగా చూపించదు.

మరి ఆర్.ఓ. ఎవరికి కావాలి? ఫ్లోరైడ్ ఉన్నవాళ్ళకు, లవణాలు బాగా ఎక్కువైన బోరు నీళ్ళే దిక్కయినవాళ్ళకు. శుభ్రమైన నది నీళ్ళు వచ్చే ఇంట్లో మరగకాచి వడకట్టుకున్నా సరిపోతుంది. ఆర్.ఓ. వదిలేసే నీటిని మోరీలోకి పోనివ్వకుండా బకెట్లో పట్టి ఇల్లు తుడవడానికి వాడుకోండి.

మిషను కొనే ముందు నీళ్ళు పరీక్ష చేయించండి. గ్రామీణ నీటి సరఫరా శాఖకు జిల్లాల్లో ప్రయోగశాలలున్నాయి. లవణాల పరీక్షకైతే శుభ్రమైన సీసాను అవే నీళ్ళతో రెండుమూడుసార్లు తొలిచి, నిండా పట్టి మూత బిగించి ఇవ్వాలి. క్రిముల పరీక్షకు సీసా వాళ్ళనే అడగండి. కఠినత్వం, ఫ్లోరైడ్, నైట్రేట్, క్రిములు, ఈ నాలుగూ చూడమని మరిచిపోకుండా చెప్పండి.

బియ్యంలో రాళ్ళు ఏరందే ఎసట్లో వెయ్యం కదా! రోజూ తాగే నీళ్ళ విషయంలోనూ ఆ మాత్రం జాగ్రత్త పడదాం.