ఆ రెండో 'ఎం' ఎక్కడ?

ఉద్యోగానికి దరఖాస్తు రాస్తున్నారు. 'అకామడేషన్' దగ్గరికొచ్చేసరికి పెన్ను ఆగిపోయింది. 'సి'లు రెండా, ఒకటా? మరి 'ఎం'లో? ఈ తికమక మీ ఒక్కరిదే కాదు. అమీర్‌పేటలో హాస్టళ్ల బోర్డులు చూడండి. ఓ 'ఎం' మాయమైనవి కనిపిస్తూనే ఉంటాయి.

తప్పు మన చెవులది. తెలుగులో వత్తు ఉంటే వినిపిస్తుంది. 'గుడి'కీ 'గుడ్డి'కీ తేడా చిన్నపిల్లలకూ తెలుసు. ఇంగ్లిషులో ఆ జంట కాగితం మీదే ఉంటుంది, నోట్లో ఉండదు.

మరి రెండెందుకు? ఈ మాట లాటిన్ నుంచి వచ్చింది. 'అడ్' అనే ఉపసర్గకు 'కొమొదారె' అనే క్రియ తోడైంది. పక్కనే 'సి' ఉండేసరికి 'డి' కూడా 'సి'గా మారిపోయింది. బళ్లో చదువుకున్న శ్చుత్వ సంధి గుర్తుందా? సత్, జనుడు కలిస్తే సజ్జనుడు అయినట్టే! ఇక 'ఎం'లంటారా... 'కామ్' చివర ఒకటి, 'మోడస్' మొదట ఒకటి. 'రికమెండ్'లో 'రి'కి 'కమెండ్' తగిలించారంతే. కాబట్టి 'సి' ఒకటే, 'ఎం'లు మాత్రం రెండు.

అన్నింటికీ ఈ కిటుకు పనిచేయదు. 'ఎంబరాస్'కి 'ఆర్'లు రెండు, 'హరాస్'కి ఒకటే. ఇక్కడ బట్టీయే గతి! 'రిఫర్', 'ఆఫర్'లకు మాత్రం సూత్రం ఉంది. 'రిఫర్'లో నొక్కి పలికేది చివరి భాగాన్ని. అందుకే 'ఇడి' చేర్చితే 'ఆర్' రెండవుతుంది. 'ఆఫర్'లో నొక్కేది మొదటి భాగాన్ని, 'ఆర్' పెరగదు.

కంప్యూటర్ సరిచేస్తుందిలే అనుకుంటున్నారా? భోజనం చివర తినే తీపి 'డిజర్ట్'కి 'ఎస్'లు రెండు. ఒకటి తగ్గితే ఎడారి. రెండూ అసలైన మాటలే కాబట్టి ఎర్రగీత పడకపోవచ్చు. పెళ్లి మెనూలో అచ్చయ్యాక అతిథులు నవ్వుకోవాల్సిందే.

అసలు కంప్యూటర్ నిపుణులే ఇందులో తప్పులో కాలేశారు. మనం ఏ పేజీలోంచి వచ్చామో వెబ్‌సైటుకు చెప్పే సమాచారం పేరు 'రిఫరర్'. మధ్యలో రెండు 'ఆర్'లుండాలి. 1996లో వచ్చిన హెచ్‌టీటీపీ 1.0 పత్రంలో ఒక్కటే పడింది. అప్పటికే అది వాడుకలోకి వెళ్లిపోవడంతో తర్వాతి ప్రమాణాల్లోనూ అలాగే ఉంచేశారు. ఆ తర్వాత వచ్చిన 'రిఫరర్ పాలసీ'లో మాత్రం రెండు 'ఆర్'లూ పెట్టారు. దాంతో ప్రోగ్రామర్లు ఒకే మాటను ఓచోట తప్పుగా, ఓచోట ఒప్పుగా రాస్తున్నారు. అటుదిటు రాస్తే పని జరగదు మరి!