నొప్పి మాత్ర వేసుకుంటే అవిశ్వాసమా?

పాలియేటివ్ కేర్ అనగానే "ఇక ఆశ లేదన్నమాట" అని మన సంఘాల్లో చాలామంది బెదిరిపోతారు. కాదు. జబ్బుకు వైద్యం సాగుతుండగానే నొప్పి, ఆయాసం, వాంతులు తగ్గించే వైద్యం అది. దువ్వాడ పక్కనే, అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్లే కుటుంబాలు మొదటి నుంచే దాని గురించి అడగాలి.

తీవ్రమైన క్యాన్సర్ నొప్పికి డాక్టర్లు మార్ఫిన్ మాత్ర రాస్తారు. నొప్పి ముదిరేదాకా ఆగకుండా, చెప్పిన మోతాదు వేళకు వేయాలి. అలా వాడితే వ్యసనమవుతుందన్న భయం అక్కర్లేదు. మలబద్ధకం మాత్రం దాదాపు అందరికీ వస్తుంది. దానికీ మందు అడగండి. 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ తెరిచి ఈ పద్ధతిని లోకానికి నేర్పిన డాక్టర్ సిసిలీ సాండర్స్ క్రైస్తవ విశ్వాసే.

పరామర్శకు వెళ్లే పెద్దలు ముందు "రాత్రి నిద్ర పట్టిందా అమ్మా?" అని అడగండి. ప్రార్థన క్లుప్తంగా చేయండి (మంచం పట్టినవారు గంటసేపు వినలేరు). కాసేపు అక్కడే కూర్చుని, సేవ చేస్తున్న కోడలిని పడుకోనివ్వండి.