గతుకుల దారి, పాత బండి

రావులపాలెం అరటి మార్కెట్టు ఎప్పుడైనా చూశారా? కోనసీమ తోటల్లో కోసిన గెలలు చిన్న ట్రక్కులమీద అక్కడికి వస్తాయి. ఒకే తోటలో ఒకేరోజు కోసినవైనా, ఒక బండిలో వచ్చిన గెలలు నిగనిగలాడుతుంటే, మరో బండిలో వచ్చినవి మర్నాటికి కమిలి నల్లబడవచ్చు. దారి పొడుగునా కాయకు కాయ ఒరుసుకోవడమే అందుకు కారణం. కమిలిన కాయకు ధర పలకదు. తోట పెంచిన రైతు కష్టం ఆ కుదుపుల్లోనే కరిగిపోతుంది.

ఒకప్పుడు ఈ బాధ లేదు. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట నుంచి బయలుదేరిన కాలవలమీద పడవలు సరుకు మోసేవి. నీటిమీద గతుకులు ఉండవు కదా! ఇప్పుడు సరుకంతా రోడ్డెక్కింది. డెల్టా నేల ఒండ్రుమట్టి. అందులోని బంకమన్ను తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. దానిమీద వేసిన రోడ్డు ఎగుడుదిగుడు కాక ఏమవుతుంది?

మరి పాత బండి కుదుపు తగ్గించడం ఎలా? "కమాన్లకు ఇంకో రెండు పట్టీలు ఎక్కిస్తే సరి" అనేవాళ్లు చాలామంది ఉన్నారు. అది ఎంతవరకు నిజమో చూద్దాం.

కమాను చేసే పని

ట్రక్కు వెనుక ఇరుసు దగ్గర వంగి చూడండి. పొడుగు పట్టీ, దానికింద కాస్త పొట్టిది, ఆ కింద ఇంకా పొట్టిది - ఇలా పేర్చి బిగించిన ఉక్కు పట్టీల కట్ట కనిపిస్తుంది. అదే కమాను. జట్కాబండికీ ఇలాంటివే ఉండేవి. చక్రం గతుకెక్కినప్పుడు పట్టీలు వంగి ఆ శక్తిని తమలో దాచుకుంటాయి. బరువు రెట్టింపైతే వంపు కూడా రెట్టింపవుతుంది. స్ప్రింగుల ఈ గుణాన్ని 1678లో రాబర్ట్ హుక్ ప్రకటించాడు.

కాని కమాను దాచుకున్న శక్తిని మింగెయ్యదు, తిరిగి ఇచ్చేస్తుంది. అందుకే బండి ఒక్క గతుకుకే పలుమార్లు పైకీ కిందికీ ఊగుతుంది.

మీరే చేసి చూడండి

నాలుగు రబ్బరు బ్యాండ్లు వరసగా ముడివెయ్యండి. ఒక చదునైన రాయి అడ్డంగా వేలాడేటట్టు వాటికి కట్టండి. రాయిని కిందికి లాగి వదిలి, ఎన్నిసార్లు ఊగిందో లెక్కపెట్టండి. తరవాత రాయి బకెట్టు నీళ్లలో మునిగి ఉండేలా పట్టుకుని మళ్లీ అలాగే చెయ్యండి. ఈసారి త్వరగా ఆగిపోతుంది! రాయి నీళ్లను తోసుకుంటూ కదలాలి. ఆ శ్రమలో దాని శక్తి ఖర్చయిపోతుంది.

షాక్ అబ్జార్బరులో జరిగేదీ ఇదే. గొట్టం నిండా నూనె, అందులో సన్నని రంధ్రాలున్న ముషలకం. బండి ఊగితే ముషలకం కదులుతుంది, నూనె ఆ రంధ్రాలగుండా ఇరుక్కుంటూ దూరాలి. ఊగే శక్తి వేడిగా మారిపోతుంది. గతుకుల దారిలో చాలాదూరం నడిచిన బండిలో ఈ గొట్టం వేడెక్కేది అందుకే.

పట్టీలు పెంచితే?

నిండు బరువుకు 10 సెంటీమీటర్లు వంగే కమాను, ఖాళీ బండి బరువుకు 3 సెంటీమీటర్లే వంగుతుందనుకోండి. లెక్క కడితే నిండుబండి సెకనుకు సుమారు 1.6 సార్లు, ఖాళీబండి దాదాపు 3 సార్లు ఊగుతుంది. పట్టీలు పెంచి కమాను బిగువును రెట్టింపు చేస్తే, ఖాళీబండి ఊపు సెకనుకు 4 సార్లవుతుంది. కూర్చున్న మనిషిని ఎక్కువగా బాధపెట్టే ఊపులు సెకనుకు 4 నుంచి 8 సార్లు వచ్చేవే! పట్టీలు పెంచితే సుఖం పెరగదు, నడుంనొప్పి పెరుగుతుంది.

అయితే ఏం మార్చాలి? నూనె కారుతున్న షాక్ అబ్జార్బర్లను మార్చాలి. ఒక పక్కదే కాదు, ఇరుసుకు రెండు పక్కలవీ కలిపి మార్చాలి. వంగినప్పుడు కమాను కాస్త పొడవు సాగుతుంది గనుక, దాని ఒక కొసను ఊగే లంకెకు తగిలిస్తారు. ఆ లంకెలో అరిగిన బుష్‌లు మార్చాలి. తుప్పుపట్టి ఒకదానికొకటి అతుక్కున్న పట్టీలు సాఫీగా జారవు. సముద్రపు ఉప్పుగాలి తగిలే ఊళ్లలో ఇది మరీ ఎక్కువ. వాటిని విప్పి శుభ్రం చెయ్యాలి. విరిగిన పట్టీ ఉంటే అదే కొలతది వెయ్యాలి.

ఇది సుఖానికి సంబంధించిన సంగతి మాత్రమే కాదు. చక్రం ఎగిరి గాలిలో ఉన్న క్షణంలో బ్రేకు పనిచెయ్యదు, స్టీరింగు మాట వినదు. ఒకపక్క కాలవ, మరోపక్క పంటచేను ఉన్న గట్టు రోడ్డుమీద ఆ క్షణం ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు. చక్రాన్ని నేలకు అంటిపెట్టి ఉంచడమే షాక్ అబ్జార్బరు చేసే అసలు మేలు.

ఈసారి మీ వీధిలో చిన్న ట్రక్కు ఆగితే, డ్రైవరుగారి అనుమతితో దాని వెనుక మూలను గట్టిగా నొక్కి వదలండి. ఒకసారి లేచి కుదురుకుంటే మంచిదే. ఇంకా ఊగుతూనే ఉంటే, మీరు చేసిన రాయి ప్రయోగం ఆయనకు చెప్పండి!