రంగూ వాసనా లేని విషం

అమెరికా, కెనడా దేశాల్లో చలికాలం వస్తే చాలా చోట్ల బయట నీరు గడ్డకట్టుకుపోతుంది. అందుకని అక్కడి ఇళ్ళలో, చాలావరకు నేలమాళిగలో, ఫర్నెస్ అనే యంత్రం ఉంటుంది. మీ బంధువులెవరైనా అక్కడ ఉంటే అడిగి చూడండి, చెబుతారు.

దాని లోపల సహజవాయువు మండుతుంది. వేడి పొగలు ఉక్కురేకు గొట్టాలలో తిరిగి, పొగగొట్టం గుండా బయటికి పోతాయి. ఇంట్లోని గాలిని ఒక పంకా ఆ గొట్టాల మీదుగా తోస్తుంది. గాలి వేడెక్కి గదుల్లోకి చేరుతుంది. చూశారా, పీల్చే గాలికీ పొగకూ మధ్య పలుచని రేకు ఒక్కటే అడ్డు! వేడెక్కితే వ్యాకోచం, చల్లారితే సంకోచం అని మీరు చదువుకున్నారు గదా. ఏళ్ళ తరబడి అలా సాగీ ముడుచుకునీ, తుప్పు కూడా తోడై, పాత ఫర్నెస్‌లో ఆ రేకు చిట్లవచ్చు. పొగగొట్టంలో పక్షి గూడు కట్టినా ప్రమాదమే. దారిలేని పొగ ఇంట్లోకే తిరిగి వస్తుంది.

ఒక మీథేన్ అణువు పూర్తిగా మండాలంటే రెండు ఆక్సిజన్ అణువులు కావాలి. అవి చాలినంత ఉంటే కార్బన్ డైఆక్సైడ్, నీటి ఆవిరి వస్తాయి. చాలకపోతే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. నీలంగా ఉండవలసిన మంట పసుపుపచ్చగా మారిందంటే అనుమానించాలి.

"గ్యాస్ కారితే వాసన వస్తుంది గదా మాస్టారూ?" అంటారు మీరు. మంచి ప్రశ్నే. ఆ వాసన గ్యాస్‌ది కాదు, అందులో కావాలని కలిపిన గంధకపు పదార్థానిది. గ్యాస్‌తోపాటు అదీ మండిపోతుంది. మిగిలిన విషానికి రంగూ లేదు, వాసనా లేదు.

మన రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్ కన్నా కార్బన్ మోనాక్సైడ్‌ను 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ఇక ఆక్సిజన్‌కు చోటెక్కడిది? తలనొప్పి, కళ్ళు తిరగడం, వాంతులు మొదలవుతాయి. జలుబు చేసిందేమో అనుకుంటారు. కాని జ్వరం ఉండదు, ఇంట్లో అందరికీ ఒకేసారి వస్తుంది, బయటికి వెళితే తగ్గుతుంది. నిద్రలో ఉన్నవాళ్ళకైతే ఈ గుర్తులు కూడా తెలియవు. అగ్నిప్రమాదాలు కాక, ఈ వాయువు వల్లనే అమెరికాలో ఏటా 400 మందికి పైగా చనిపోతున్నారు.

జాన్ స్కాట్ హాల్డేన్ అనే బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు తానే ఈ వాయువును పీల్చి, తన రక్తాన్ని పరీక్షించుకుని, 1895లో ఆ వివరాలు ప్రకటించాడు. (మీరు మాత్రం ఆ పని చేయకండి!) చిన్న ప్రాణులు ముందుగా సోలిపోతాయని గమనించి, గనుల్లోకి వాటిని తీసుకువెళ్ళమన్నాడు. బ్రిటన్ బొగ్గుగనుల్లో కెనరీ పిట్టలు 1986 దాకా కొలువు చేశాయి. ఇప్పుడు ఇళ్ళలో ఆ కాపలా పని గోడకు తగిలించే అలారం చేస్తోంది.

ఫర్నెస్ మనకెక్కడిది అంటారా? తలుపులు బిగించిన గదిలో బొగ్గుల కుంపటి, గాలి ఆడని స్నానాలగదిలో గ్యాస్ గీజర్ పుట్టించేదీ ఈ వాయువునే. అనుమానం వస్తే ముందు అందరూ బయటికి రావాలి, కిటికీల సంగతి తర్వాత. ఆ పైన ఆసుపత్రికి వెళ్ళాలి. మామూలు గాలి పీలిస్తే రక్తంలోని విషం సగానికి తగ్గడానికి నాలుగైదు గంటలు పడుతుంది. డాక్టరు ముసుగుతో పట్టే శుద్ధమైన ఆక్సిజన్‌తో అయితే గంటా గంటన్నర చాలు.