మూడు దెబ్బల ఆశ్చర్యం

మా అక్కకూతురు బెంగుళూరులో ఉద్యోగంలో చేరి ఆరునెలలైనా కాలేదు. పోయిన సంక్రాంతికి కడప వచ్చినప్పుడు దిగాలుగా సెల్‌ఫోను నా చేతికిచ్చింది. పై అధికారికి ఆమె ఇంగ్లీషులో పంపిన జాబు అది. "సర్! ప్లీజ్ సెండ్ ది ఫైల్ టుడే!!" ఆయన "ఎవరిమీద ఈ కేకలు?" అని నలుగురిలో అడిగాడట.

"మర్యాదగానే రాస్తి గదా మామా, ప్లీజ్ అని కూడా పెడితి" అంది కళ్ళనీళ్ళతో.

తప్పు పిల్లది కాదు, మనందరి అలవాటుది. తెలుగులో పిలుపు తర్వాత ఆ గుర్తు పెట్టడం మర్యాద. "అయ్యా!" అనే జాబు మొదలుపెడతాం. ఇంగ్లీషు జాబులో ఆ చోట ఉండవలసింది కామా. 'సర్' పక్కన నిలువుగీత నిలబెట్టి మనం దణ్ణం పెట్టామనుకుంటాం, చదివేవాడు గద్దించామనుకుంటాడు.

అసలీ గుర్తు మన పాతసొత్తు కాదు. 1820లో కడపకు వచ్చిన బ్రౌను దొర సేకరించిన తాళపత్రాల వంటి పాతప్రతుల్లో ఒంటిగీత, జంటగీత తప్ప ఇటువంటివి సాధారణంగా కానరావు. ఆశ్చర్యాన్నంతా 'ఆహా', 'అయ్యో', 'ఔరా'లే మోసేవి. అచ్చుపుస్తకాలతో వచ్చిన గుర్తును మన పద్ధతిలో వాడుకున్నాం. అందులో తప్పులేదు. ఆ పద్ధతిని మళ్ళీ ఇంగ్లీషులోకి మోసుకుపోతేనే చిక్కు.

ఇంగ్లీషులో దానికి తావు కొద్దే. కర్నూలు మేనెల ఎండలో 'వాట్ ఎ హాట్ డే!' అనవచ్చు. పామును చూసి 'స్టాప్!' అని అరవవచ్చు. పరీక్ష ప్యాసైన కుర్రవాడికి 'కంగ్రాచ్యులేషన్స్!' చెప్పవచ్చు. స్నేహితులకు 'థాంక్స్!' అంటే ఆప్యాయత. అక్కడైనా ఒకటి చాలు. దరఖాస్తు, సెలవుచీటీ, లెక్కల కాగితం మాత్రం ఫుల్‌స్టాపుతోనే ముగియాలి.

నేను కర్నూలులో టైపు నేర్చుకున్న యంత్రానికి ఈ గుర్తుకు మీటే లేదు. అపాస్ట్రఫీ కొట్టి, ఒకడుగు వెనక్కి జరిపి, దానికింద ఫుల్‌స్టాపు కొట్టాలి. మొత్తం మూడు దెబ్బలు. "మూడు దెబ్బలు కొట్టేంత ఆశ్చర్యం ఏముందప్పా నీ దరఖాస్తులో?" అనేవారు మా మాస్టారు. ఈనాటి పిల్లలకు ఒక్క వేలితో పది గుర్తులు పడతాయి. ఆ ప్రశ్న అడిగేవారే లేరు.

అదే మాట పిల్లకు చెప్పి పంపాను. వారం తిరక్కుండా ఫోను చేసింది. ఈసారి 'డియర్ సర్' తర్వాత కామా పెట్టి, 'కుడ్ యు ప్లీజ్ సెండ్ ది ఫైల్ టుడే?' అని రాసిందట. సాయంత్రానికి ఫైలు వచ్చిందట.

"కింద 'థాంక్స్!' అని పెట్టినాడు మామా. ఇది అరుపా, ఆదరమా?"

"ఆదరమేనమ్మా. ఒక్కటే పెట్టాడు చూడు" అన్నాను.